మందుల కవరు చదవడం వస్తే మెడికల్ హిస్టరీ సగం వచ్చినట్టే

విజయవాడలో బీడీఎస్ ఆఖరి ఏడాదిలో ఉన్న మీరు అడిగినవి మూడు. మూడో ఏట జనరల్ మెడిసిన్ పాసైనా, ఓరల్ మెడిసిన్ పోస్టింగులో కేస్ షీటు రాసేటప్పుడు మెడికల్ హిస్టరీ దగ్గరే చెయ్యి ఆగిపోతోంది, అసలు ఎంత చదవాలి? ఫిజీషియన్‌కి ఉత్తరం ఎలా రాయాలి? గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డ కట్టకుండా ఎసిట్రోమ్ వాడుతున్న పేషెంట్‌కి ఆ మాత్ర ఆపించి పన్ను తీయాలా? చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: ఆపించకూడదు. కారణం దాని చోట వస్తుంది.

మీ చెయ్యి ఆగిపోవడానికి కారణం చదువు తక్కువై కాదు. జనరల్ మెడిసిన్ పాఠం గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, కిడ్నీ అన్న వరసలో ఉంటుంది. మన ఓపీకి వచ్చే మనిషి ఆ వరసలో రాడు. పన్ను నొప్పితో వస్తాడు, చేతిలోనో సంచిలోనో మందుల కవరు ఉంటుంది. కాబట్టి జబ్బు పేరు నుంచి కాకుండా మాత్ర పేరు నుంచి వెనక్కి చదవడం నేర్చుకోండి. ప్రతి మాత్ర దగ్గరా నాలుగే ప్రశ్నలు వేసుకోండి: ఈ మనిషికి రక్తం ఆగుతుందా? పుండు మానుతుందా? కుర్చీలో కూలబడే అవకాశం ఉందా? నేను రాయబోయే మందు ఈ మాత్రకు పడుతుందా? పళ్ల డాక్టరుకు కావలసిన జనరల్ మెడిసిన్ దాదాపు అంతా ఈ నాలుగింటిలోనే ఉంది.

ముందు అడిగే తీరు మార్చుకోవాలి. "మీకు బీపీ ఉందా?" అంటే గుంటూరు, కృష్ణా పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు చాలామంది "లేదండీ" అంటారు. మాత్ర వేసుకుంటున్నారు, అదుపులో ఉంది, కాబట్టి వాళ్ల లెక్కలో లేదు. "రోజూ ఏమన్నా బిళ్లలు వేసుకుంటున్నారా పెద్దాయనా? కవరు తెచ్చారా?" అని అడగండి. తేకపోతే ఇంట్లో ఉన్న పిల్లలకు ఫోను చేయించి, స్ట్రిప్పు వెనకవైపు ఫొటో తెప్పించండి. మందుల షాపులో సగం చించి ఇచ్చిన ముక్క మీద పేరు లేకపోతే చీటీ అడగండి. ఆ తర్వాత ఇంకో మూడు విడివిడిగా: "ఎప్పుడన్నా ఆసుపత్రిలో పడుకున్నారా? గుండెకు స్టెంటుగానీ వాల్వుగానీ వేశారా? నెలకో, మూడు వారాలకో, ఏడాదికోసారో వేయించుకునే సూదులు ఏమన్నా ఉన్నాయా?" ఈ సూదుల ప్రశ్న ఎవరూ అడగరు. పెనిడ్యూర్ (పెన్సిలిన్ సూది), జోలెడ్రోనిక్ యాసిడ్ (ఎముకల బలానికి ఇచ్చేది) లాంటివి బయటపడేది అక్కడే. ఇవేవీ అడగకుండా కేస్ షీటులో "నాన్ కాంట్రిబ్యూటరీ" (చెప్పుకోదగ్గదేమీ లేదు) అని రాసేయడం మన కాలేజీల్లో పాతుకుపోయిన చెడ్డ అలవాటు.

రక్తం సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ మూడో ప్రశ్న ఇక్కడిదే. ఎసిట్రోమ్ అంటే ఎసినోకౌమరాల్, వార్ఫరిన్ కోవలోది. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డ కట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె. ఇనుప వాల్వు (మెకానికల్ వాల్వు) ఉన్న మనిషికి ఐఎన్ఆర్‌ను కావాలనే పైన ఉంచుతారు: అయోర్టిక్ వాల్వుకు సాధారణంగా 2 నుంచి 3, మైట్రల్‌కు 2.5 నుంచి 3.5. ఐఎన్ఆర్ 3 అని రిపోర్టు చూసి కంగారు పడితే, వైద్యం సరిగ్గా జరుగుతున్నందుకు కంగారు పడ్డట్టే. వార్ఫరిన్ అర్ధాయువు 36 నుంచి 42 గంటలైతే ఎసినోకౌమరాల్‌ది 8 నుంచి 11 గంటలే. రెండు మూడు రోజులు ఆపితే ఐఎన్ఆర్ జారిపోతుంది, వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. పన్ను తీసిన చోట వచ్చే రక్తం చేత్తో నొక్కి ఆపగలిగేది. వాల్వు మీద గడ్డను మీరు ఏ గాజుగుడ్డతోనూ ఆపలేరు. లెక్క అంతే.

చేయాల్సిన పద్ధతి ఇది. ఐఎన్ఆర్ పన్ను తీసే ముందు 24 గంటల లోపుది కావాలి. చాలాకాలంగా నిలకడగా ఉన్నవాళ్లకు 72 గంటల లోపుదైనా సరిపోతుంది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం 4 కంటే తక్కువుంటే మాత్ర ఆపకుండా మామూలు ఎక్స్‌ట్రాక్షన్ చేయొచ్చు. మన దగ్గర చాలామంది 3.5 దగ్గర గీత గీస్తారు, మీరు కూడా అదే పాటించండి. ఒక్కసారికి మూడు పళ్లకు మించొద్దు. పొద్దున పూట, వారం మొదట్లో పెట్టుకోండి, రాత్రి రక్తం కారినా మర్నాడు ఓపీ ఉంటుంది. శనివారం సాయంత్రం తీసి పంపితే ఆదివారం ఆ పేషెంట్ ఎక్కడికి పోతాడు? పన్ను తీసిన గుంట (సాకెట్)లోని మెత్తటి కండను, అంటే గ్రాన్యులేషన్ టిష్యూను, పూర్తిగా గీకేయండి, వదిలేస్తే అదే కారుతూ ఉంటుంది. సాకెట్‌లో జెలటిన్ స్పాంజి గానీ ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ గానీ పెట్టి, 3-0 సిల్కుతో ఫిగర్ ఆఫ్ ఎయిట్ కుట్టు వేసి, గాజుగుడ్డ మీద 30 నిమిషాలు గట్టిగా కొరికించి, రక్తం ఆగిందని కళ్లతో చూశాకే కుర్చీ దించండి. రక్తం గడ్డను కరగనివ్వని ట్రనెక్సామిక్ యాసిడ్ మౌత్‌వాష్ షాపుల్లో అన్నిచోట్లా దొరకదు. 5 మి.లీ. యాంపూల్‌లో 500 మి.గ్రా. ఉంటుంది, దానికి 5 మి.లీ. శుభ్రమైన నీళ్లు కలిపితే 10 మి.లీ. 5 శాతం ద్రావణం తయారు. రెండు నిమిషాలు నోట్లో ఉంచి ఉమ్మేయాలి, గట్టిగా పుక్కిలించకూడదు, రోజుకు నాలుగుసార్లు, రెండు నుంచి ఐదు రోజులు.

ఇంతా చేసి చీటీ దగ్గర తప్పు చేస్తారు. అలవాటు కొద్దీ మెట్రోనిడజోల్, ఎసిక్లోఫెనాక్ రాసేస్తారు. మెట్రోనిడజోల్ ఎసిట్రోమ్‌ను కాలేయంలో విరగనివ్వదు, కొన్ని రోజుల్లోనే ఐఎన్ఆర్ ఎక్కడికో పోతుంది. మూడో రోజు రక్తం కారుతూ వస్తే కుట్టు ఊడిందని అనుకుంటారు. నొప్పికి పారాసిటమాల్ రాయండి. కట్టుడు పళ్ల కింద క్యాండిడా ఫంగస్ ఉంటే మైకొనజోల్ జెల్ వద్దు, పైపూతే కదా అనుకోవద్దు, అది మింగుడుపడి ఐఎన్ఆర్‌ను ఫ్లూకొనజోల్‌లాగే పెంచుతుంది. నిస్టాటిన్ వాడండి. ఇంకో మాట, బీటీ సీటీ (బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్) పరీక్షలు రాయించడం మనకు ఆచారమైపోయింది. ఎసిట్రోమ్ పేషెంట్‌లో అవి దాదాపు ఏమీ చెప్పవు, నార్మల్ వచ్చి మిమ్మల్ని మోసం చేస్తాయి.

వాల్వు పేషెంట్‌కి రక్తం ఒక్కటే కాదు, ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, వాల్వులకు సోకే ఇన్ఫెక్షన్) కూడా గుర్తుండాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో, ముందస్తుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సినవాళ్ల జాబితాను బాగా కుదించింది, 2021లో మళ్లీ అదే చెప్పింది: కృత్రిమ వాల్వు, ఇంతకుముందు ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, వాల్వు చెడిన మార్పిడి గుండె. వీళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మి.గ్రా. క్యాప్సూల్స్ నాలుగూ ఒకేసారి, చికిత్సకు 30 నుంచి 60 నిమిషాల ముందు. పిల్లలకు కిలోకు 50 మి.గ్రా. పెన్సిలిన్ పడనివాళ్లకు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. క్లిండామైసిన్ 2021లో తీసేశారు, పాత నోట్సులో ఉంటే కొట్టేయండి. పన్ను తీశాక ఐదు రోజులు అమాక్సిసిలిన్ ఇవ్వడం దీనికి బదులు కాదు. చిన్నప్పటి కీళ్లవాతంతో గుండె దెబ్బతిని మూడు వారాలకోసారి పెనిడ్యూర్ వేయించుకునే పేషెంట్లు మనకు ఇంకా ఉన్నారు. సొంత వాల్వే ఉంటే వాళ్లు అమెరికా జాబితాలో లేరు, కానీ మన కార్డియాలజిస్టులు చాలామంది ఇమ్మంటారు, అడిగి ఇవ్వండి. ఇవ్వాల్సి వస్తే అజిత్రోమైసినే సరైనది, ఎందుకంటే పెన్సిలిన్ రోజూ ఒంట్లో ఉన్నవాడి నోటిలో దానికి లొంగని స్ట్రెప్టోకోకై ఉంటాయి.

ప్లేట్‌లెట్లు అంటుకోకుండా వేసే ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ సంగతి తేలిక: ఆపొద్దు. రెండూ కలిపి వాడేవాళ్లలో రక్తం కాసేపు ఎక్కువ కారుతుంది, ఆగుతుంది. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేయించుకున్నవాళ్ల దగ్గర డిశ్చార్జి కాగితం ఉంటుంది, దాని మీద తేదీ చూడండి. స్టెంట్ వేసి 6 నెలలు కాకపోతే, గుండెపోటు తర్వాత వేసినదైతే 12 నెలలు కాకపోతే, తొందర లేని పనులు వాయిదా వేయండి. నొప్పి, చీము ఉంటే మాత్రలు ఆపకుండానే చేయండి.

ఏ మాత్రా లేకుండా రక్తం ఆగని రెండు రకాల మనుషులు ఉన్నారు. ఒకరు, రోజూ తాగేవాళ్లు. కాలేయం చెడితే రెండో, ఏడో, తొమ్మిదో, పదో ఫ్యాక్టర్లు తగ్గుతాయి, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్ కౌంటు రెండూ కావాలి. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటొద్దు. మెట్రోనిడజోల్ రాస్తే, కోర్సు అయ్యాక కూడా కనీసం 48 గంటలు మద్యం ముట్టుకోవద్దని ఇంట్లోవాళ్ల ఎదురుగా చెప్పండి. రెండోవారు, కిడ్నీ జబ్బువాళ్లు. ఎ.కొండూరు తండాల వైపు ఈ జబ్బు ఎంతుందో మీకు తెలిసే ఉంటుంది, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఓపీకి వస్తారు. వీళ్లకు ప్లేట్‌లెట్ కౌంటు బాగానే ఉంటుంది, కానీ యూరియా వల్ల అవి సరిగా పని చేయవు. పన్ను తీయాల్సి వస్తే డయాలసిస్ అయిన మర్నాడు పెట్టుకోండి: డయాలసిస్‌లో రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావం పోయి ఉంటుంది, యూరియా తక్కువగా ఉంటుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకండి, సూది గుచ్చకండి. నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ తప్ప ఏదీ వద్దు. ఎక్స్‌రేలో లామినా డ్యూరా (పంటి వేరు చుట్టూ ఉండే తెల్లటి గీత) మాయమై కనిపిస్తే ఇలాంటి పేషెంట్‌లో పారాథైరాయిడ్ గుర్తుకు రావాలి.

వానలు మొదలయ్యాక చిగుళ్ల రక్తంతో వచ్చినవాడికి వారం కింద జ్వరం వచ్చిందా అని అడగడం మర్చిపోకండి. డెంగీలో స్కేలింగ్ మొదలుపెట్టాక తెలుసుకుంటే ఆలస్యం. పన్ను తీయడానికి ప్లేట్‌లెట్లు కనీసం 50,000 ఉండాలి.

ఇక షుగరు. స్ట్రిప్పు మీద మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే మీకు కుర్చీలో భయం తక్కువ, అది ఒంటరిగా షుగరును ప్రమాదంగా పడేయదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ కనపడితే మొదటి ప్రశ్న "ఏం తిని వచ్చారు?" అన్నదే. పళ్ల డాక్టరు దగ్గరికి ఖాళీ కడుపుతో రావాలని ఎవరో చెబుతారు, మాత్ర మాత్రం మానకుండా వేసుకుని వస్తారు. భవానీ దీక్ష, అయ్యప్ప దీక్ష రోజుల్లో ఒంటిపూట భోజనం, కార్తీక సోమవారం ఉపవాసం, రంజాన్, ఇవన్నీ మీ ఓపీలో షుగరు పడిపోవడానికి దారులే. గ్లూకోమీటరు ముందే పెట్టి చూడండి. 70 కంటే తక్కువుంటే ముందు తినిపించాలి. 200 దాకా పని చేసుకోవచ్చు. 200 నుంచి 300 మధ్య తొందర లేనివి వాయిదా, నొప్పి ఉంటే ఉపశమనం. 300 దాటితే ఫిజీషియన్. ఇవి వాడుకలో ఉన్న గీతలు, చట్టాలు కావు. ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి: చీము పట్టిన పన్నే షుగరును పెంచుతుంది. "షుగరు తగ్గాక రండి" అని చీముతో ఉన్న మనిషిని పంపిస్తే షుగరు తగ్గదు, చీము మెడలోకి దిగుతుంది. చీము తీసి, యాంటీబయాటిక్ ఇచ్చి, అదే రోజు ఫిజీషియన్‌కి చూపించండి.

కుర్చీలో చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలైతే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీస్పూన్లు, నీళ్లలో. 15 నిమిషాల తర్వాత మళ్లీ గ్లూకోమీటరు. పంచదార ఎందుకు కాదంటే, వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ వాడేవాడిలో పంచదార పేగులో త్వరగా విరగదు. ఓపీలో గ్లూకోజ్ పొడి డబ్బానే ఉంచండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నరంలోకి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగరు లేచినట్టే లేచి మళ్లీ పడుతుంది, కాఫీ తాగించి ఇంటికి పంపేయకండి. బీపీకో గుండెదడకో బీటా బ్లాకర్ వాడేవాడిలో వణుకు, దడ కనపడకపోవచ్చు, చెమట మాత్రం కనపడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్లు పళ్లు తీయించుకుని రెండు రోజులు తిండి మానేస్తే షుగరు మామూలుగా ఉండగానే, రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరగొచ్చు. వాంతులు, ఆయాసం అంటే గ్లూకోమీటరును నమ్మి కూర్చోకూడదు.

షుగరు పేషెంట్‌లో పై పళ్లు నాలుగైదు ఒక్కసారిగా కదులుతూ, బుగ్గ మొద్దుబారి, అంగిలి నల్లబడి ఉంటే అది పయోరియా కాదు. 2021లో కోవిడ్ రెండో ఉధృతి తర్వాత బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకర్‌మైకోసిస్ ఇలాగే పళ్ల డాక్టర్ల దగ్గరికి ముందు వచ్చింది. పళ్లు పీకకుండా అదే రోజు ఈఎన్‌టీకి పంపండి.

పుండు మానదు అనే ప్రశ్నలో మిగతావి త్వరగా చెబుతాను. "ఎముకల బలానికి సెలైన్‌లో సూది" అన్నారంటే జోలెడ్రోనిక్ యాసిడ్: ఆస్టియోపోరోసిస్‌కు ఏడాదికోసారి 5 మి.గ్రా., క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లకు మూడు నాలుగు వారాలకోసారి 4 మి.గ్రా. రెండోవాళ్లలో దవడ ఎముక చచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది, నాలుగు రోజులు ఆపి లాభం లేదు. వీలైతే పన్ను తీయకుండా రూట్ కెనాల్ చేసి క్రౌన్ కోసి వేరు వదిలేయండి. ఎముక 8 వారాలు దాటి బయటికి కనపడుతూ, దవడకు రేడియేషన్ తగలని చరిత్ర ఉంటే అప్పుడు దాన్ని మందు వల్ల వచ్చిన ఆస్టియోనెక్రోసిస్ అంటాం.

మెథోట్రెక్సేట్ కీళ్లవాతం లాంటివాటికి వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. దాన్ని పొరపాటున రోజూ వేసుకుని, నోరంతా పుండ్లతో, జ్వరంతో మన దగ్గరికి వస్తారు. దీన్ని ఆఫ్తస్ అల్సర్ అనుకుని స్టెరాయిడ్ జెల్ ఇచ్చి పంపితే పేషెంట్ చచ్చిపోవచ్చు. "వారానికా, రోజుకా?" అని అడిగి, వెంటనే సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి, ఆసుపత్రిలో చేర్పించాలి. థైరాయిడ్‌కు కార్బిమజోల్ వాడేవాళ్లు జ్వరం, గొంతు నొప్పి, నోటి పుండ్లతో వచ్చినా అదే రోజు సీబీసీ. చిగుళ్లు కొన్ని వారాల్లోనే మెత్తగా ఉబ్బి, ముట్టుకుంటే రక్తం కారుతూ, మనిషి పాలిపోయి ఉంటే బ్లడ్ స్మియర్ చూడకుండా స్కేలర్ పట్టుకోకండి, ల్యుకేమియా కావచ్చు. అమ్లోడిపిన్, ఫెనిటాయిన్ వల్ల పెరిగే చిగుళ్లు దీనికి భిన్నం: నెలల తరబడి, గట్టిగా, ముందు పళ్ల మధ్య మొదలవుతాయి, పన్ను లేని చోట దాదాపు పెరగవు. మాత్ర మార్చడం ఫిజీషియన్ పని, మీది పాచి తీయడం.

స్టెరాయిడ్ సంగతి మన ప్రాంతంలో పుస్తకంలో ఉన్నంత తేలిక కాదు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి ఊళ్లో పొట్లం కట్టి ఇచ్చే పేరులేని బిళ్లల్లో చాలాసార్లు ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ఉంటాయి. పేషెంట్‌కి తెలియదు. ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పల్చబడి, చేతుల మీద నల్లటి మచ్చలు ఉంటే "నొప్పులకు పొట్లాలు వాడుతున్నారా అమ్మా?" అని నెమ్మదిగా అడగండి, గట్టిగా అడిగితే చెప్పరు. రోజుకు 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ మూడు నాలుగు వారాలు దాటితే అడ్రినల్ గ్రంథి మందగించిందనే అనుకోవాలి. మత్తు సూదితో ఒక పన్ను తీయడానికి ఆ రోజు మామూలు డోసు వేసుకుని వస్తే చాలు, అదనపు డోసు సాధారణంగా అక్కర్లేదు. ప్రమాదమంతా నాలుగు రోజుల కిందే పొట్లం మానేసి వచ్చినవాడితో. కూలబడి బీపీ లేవకపోతే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా.

బీపీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక చూడాలి, బందరు రోడ్డు ట్రాఫిక్‌లోంచి వచ్చి మెట్లెక్కిన వెంటనే కాదు. 180/110 దాటితే తొందర లేని పని ఏదీ వద్దు. దాన్ని అప్పటికప్పుడు దించాలని నాలుక కింద నిఫెడిపిన్ పెట్టే పాత అలవాటు పక్షవాతం తేవచ్చు, మానేయండి. గుండె జబ్బు పేషెంట్‌కి ఎడ్రినలిన్ వద్దు, ప్లెయిన్ లిగ్నోకైన్ వాడాలని వైవాలో చెప్పకండి. ప్లెయిన్ లిగ్నోకైన్ మత్తు పల్పులో కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ తర్వాత నొప్పికి ఒంట్లో పుట్టే ఎడ్రినలిన్ మీరిచ్చేదానికంటే ఎక్కువ. మీరిచ్చే ఎడ్రినలిన్‌కు హద్దు 40 మైక్రోగ్రాములు: 1:80,000 అయితే మి.లీ.కు 12.5, కాబట్టి 3.2 మి.లీ.; 1:2,00,000 అయితే మి.లీ.కు 5, కాబట్టి 8 మి.లీ. సూది రక్తనాళంలో లేదని సిరంజి వెనక్కి లాగి చూసి, నెమ్మదిగా ఇవ్వండి. ప్రొప్రనొలాల్ (ఒక బీటా బ్లాకర్) వాడేవాడిలో ఇంకా తక్కువతో సరిపెట్టండి, బీపీ ఎగసి నాడి పడిపోవచ్చు. ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్, బీపీకి ప్రాజోసిన్ వాడే పెద్దవాళ్లను కుర్చీలోంచి గబుక్కున లేపొద్దు. టెల్మిసార్టన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటూ, రోహిణి కార్తె ఎండల్లో నీళ్లు సరిగా తాగని మనిషికి ఐదు రోజులు డైక్లోఫెనాక్ రాస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు. ఇది పుస్తకంలో ఒక లైను, మన ఊళ్లో మాత్రం మే నెలంతా ఉండే బెడద.

ఎడమ కింది దవడ నొప్పి, నడిస్తే వచ్చి ఆగితే తగ్గుతోంది, పళ్లలో కారణం కనపడటం లేదు అంటే గుండె. కుర్చీలో ఛాతీ నొప్పి వస్తే సార్బిట్రేట్ 5 మి.గ్రా. నాలుక కింద, అయితే పై బీపీ 90 కంటే తక్కువున్నా, ఒక రోజులో సిల్డెనఫిల్ లేదా రెండు రోజుల్లో టడలఫిల్ వేసుకున్నా ఇవ్వొద్దు. తగ్గకపోతే 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించి 108కి ఫోను చేయండి. సూదికి కళ్లు తిరిగి పడినవాడి నాడి నెమ్మదిగా ఉంటుంది, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి ఎత్తితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. తేరుకోకపోతే షుగరు చూడండి. దద్దుర్లు, గొంతు బిగింపు, బీపీ పడిపోవడం కలిస్తే ఎనఫిలాక్సిస్, అంటే ప్రాణం తీసే అలర్జీ. అందరి చేతులూ ఎవిల్ అనే అలర్జీ సూది మీదకే పోతాయి. ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్: 1:1000ది 0.5 మి.లీ., తొడ బయటివైపు కండలోకి, తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ.

మన డిపార్ట్‌మెంటే రాసే మందు ఒకటి ఉంది, కార్బమజెపిన్. ట్రైజెమినల్ న్యూరాల్జియాకు (ముఖం నరంలో మెరుపులా వచ్చే నొప్పి) 100 మి.గ్రా. రెండు పూటలతో మొదలుపెట్టే ముందు సీబీసీ, కాలేయ పరీక్షలు, సోడియం చూడాలి. మొదటి కొన్ని వారాల్లో జ్వరం, దద్దుర్లు, నోటి పుండ్లు వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రి. ఇది వాడేవాడికి ఇంకెవరో దగ్గుకు క్లారిత్రోమైసిన్ రాస్తే తూలిపోతూ వస్తాడు. క్లారిత్రోమైసిన్‌కు అటోర్వాస్టాటిన్‌తోనూ పడదు, కండరాలు కరిగిపోవచ్చు.

చివరగా ఫిజీషియన్‌కి ఉత్తరం. "ఎక్స్‌ట్రాక్షన్‌కు ఫిట్‌నెస్ ఇవ్వగలరు" అని ఒక లైను రాసి పంపితే, "ఫిట్, ఎసిట్రోమ్ 5 రోజులు ఆపండి" అని ఒక లైనే తిరిగొస్తుంది, ఎందుకంటే పన్ను తీయడమంటే ఎంత రక్తం పోతుందో ఆయనకు తెలియదు. ఏ పన్ను, ఎన్ని పళ్లు, ఏ మత్తు మందు ఎన్ని మి.లీ., అందులో ఎడ్రినలిన్ ఎంత, రక్తం ఆపడానికి మీరు ఏం చేయబోతున్నారు, ఇవన్నీ రాయండి. ఆ తర్వాత మీకు కావలసింది అడగండి: తాజా ఐఎన్ఆర్, వాల్వు రకం లేదా స్టెంట్ తేదీ, గుండె పంపింగ్ శాతం, ఎండోకార్డైటిస్‌కు ముందస్తు డోసు కావాలా. "మందు ఆపకుండానే చేయాలనుకుంటున్నాం, మీకు అభ్యంతరం ఉంటే తెలియజేయగలరు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. అయినా ఆపమని రాస్తే ఫోనులో మాట్లాడండి. మాట్లాడాక కూడా ఆపక తప్పదంటే, మళ్లీ ఏ తేదీ రాత్రి ఎన్ని మి.గ్రా. మొదలుపెట్టాలో ఆయన చేతనే రాయించి, దాన్ని పేషెంట్‌కీ, వెంట వచ్చిన మనిషికీ తెలుగులో చదివి వినిపించి, ఆ రాత్రి ఫోను చేసి మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కోండి.